ఉద్వేగాల ద్వికారక సిద్ధాంతం

ఉద్వేగాలు ఎలా పుడతాయో వివరించే మనోవిజ్ఞాన సిద్ధాంతాల్లో ద్వికారక సిద్ధాంతం ఒకటి. శరీరంలో కలిగే ఉత్తేజం ఒక కారకం, ఆ ఉత్తేజానికి మనిషి చెప్పుకొనే కారణం రెండో కారకం. ఈ రెండూ కలిసినప్పుడే కోపం, భయం, సంతోషం వంటి ఉద్వేగాలు అనుభవంలోకి వస్తాయని ఈ సిద్ధాంతం చెబుతుంది. అమెరికన్ సామాజిక మనోవిజ్ఞానవేత్తలు స్టాన్లీ షాక్టర్ (1922–1997), జెరోమ్ సింగర్ దీన్ని 1962లో ప్రకటించారు. అందువల్ల దీనికి షాక్టర్–సింగర్ సిద్ధాంతం అన్న పేరు కూడా ఉంది. ఆలోచనకు ఇచ్చిన ప్రాధాన్యం వల్ల కొందరు దీన్ని సంజ్ఞానాత్మక ఉత్తేజ సిద్ధాంతం అని కూడా అంటారు.

ప్రజ్ఞ గురించి చార్లెస్ స్పియర్‌మన్ 1904లో చెప్పిన ద్వికారక సిద్ధాంతానికీ, ఉద్యోగుల ప్రేరణ గురించి ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పిన ద్వికారక సిద్ధాంతానికీ దీనితో సంబంధం లేదు.

ముఖ్య భావనలు

శారీరక ఉత్తేజం: గుండె వేగం పెరగడం, ఊపిరి వేగంగా ఆడడం, చేతులు వణకడం, ముఖం వేడెక్కడం, చెమట పట్టడం వంటి మార్పుల సమాహారం. స్వయంచోదిత నాడీవ్యవస్థలోని సహానుభూత విభాగం చురుకైనప్పుడు ఇవి కలుగుతాయి.

సంజ్ఞానం: పరిసరాలను గమనించడం, గత అనుభవంతో పోల్చడం, కారణాన్ని ఊహించడం, అర్థం చెప్పుకోవడం వంటి మానసిక ప్రక్రియలన్నిటికీ కలిపి వాడే మాట.

కారణారోపణ: ఒక ఫలితానికి ఫలానాది కారణమని నిర్ణయించుకోవడం. ఈ సిద్ధాంతంలో ఆ ఫలితం మనిషి తన ఒంట్లో గమనించిన ఉత్తేజమే.

తప్పు కారణారోపణ: ఒక కారణం వల్ల కలిగిన ఉత్తేజాన్ని మరో కారణానికి అంటగట్టడం. స్ట్రాంగ్ కాఫీ వల్ల గుండె దడగా ఉన్న వ్యక్తి దాన్ని కాసేపట్లో జరగబోయే ఇంటర్వ్యూ భయంగా అనుకోవడం ఇందుకు ఉదాహరణ.

చారిత్రక నేపథ్యం

జేమ్స్–లాంగే సిద్ధాంతం

ఉద్వేగానికీ శరీరానికీ ఉన్న సంబంధంపై ఆధునిక చర్చ అమెరికన్ తత్త్వవేత్త, మనోవిజ్ఞానవేత్త విలియం జేమ్స్‌తో మొదలైంది. 1884లో ‘మైండ్’ పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన అప్పటి సామాన్య నమ్మకాన్ని తలకిందులు చేశాడు. భయపడినందువల్ల శరీరం వణుకుతుందని అందరూ అనుకుంటుండగా, వణుకు వంటి మార్పులే ముందు కలుగుతాయనీ, ఆ మార్పులు మనసుకు తెలియడమే భయమనీ ఆయన వాదించాడు. డెన్మార్క్ వైద్యుడు కార్ల్ లాంగే మరుసటి ఏడాది, 1885లో, రక్తనాళాల్లో జరిగే మార్పులను ఆధారం చేసుకొని ఇలాంటి నిర్ణయానికే వచ్చాడు. ఇద్దరూ విడివిడిగా చెప్పినా సిద్ధాంతానికి ఉమ్మడి పేరు స్థిరపడింది. ప్రతి ఉద్వేగానికీ దానిదైన శారీరక మార్పుల తీరు ఉండాలన్నది ఈ సిద్ధాంతంలో ఇమిడి ఉన్న ఊహ.

కానన్–బార్డ్ సిద్ధాంతం

హార్వర్డ్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1927లో జేమ్స్ వాదంపై ఐదు అభ్యంతరాలు లేవనెత్తాడు. అంతరావయవాలకు మెదడుతో నాడీ సంబంధం తెంచినా జంతువుల్లో ఉద్వేగ ప్రవర్తన పోవడం లేదు. భయంలోనూ కోపంలోనూ, చివరికి జ్వరంలోనూ చలిలోనూ కూడా ఒకే రకమైన అంతర్గత మార్పులు కనిపిస్తాయి. అంతరావయవాలకు సున్నితమైన స్పర్శజ్ఞానం లేదు. వాటిలో మార్పులు నెమ్మదిగా జరుగుతాయి. ఉద్వేగం అంతకంటే త్వరగా కలుగుతుంది. ఇంజక్షన్ ద్వారా ఆ మార్పులు కృత్రిమంగా కలిగించినా నిజమైన ఉద్వేగం రాదు. కానన్, అతని శిష్యుడు ఫిలిప్ బార్డ్ కలిసి ఇచ్చిన ప్రత్యామ్నాయం ప్రకారం మెదడు లోపలి భాగాల నుంచి ఒకేసారి రెండు వైపులకు సంకేతాలు వెళ్తాయి: ఒకటి శరీరాన్ని సిద్ధం చేస్తుంది, రెండోది మస్తిష్క వల్కలానికి చేరి అనుభూతిని కలిగిస్తుంది.

మారన్యోన్ పరిశీలన

కానన్ చివరి అభ్యంతరానికి ఆధారం స్పెయిన్ వైద్యుడు గ్రెగోరియో మారన్యోన్ 1924లో ప్రచురించిన అధ్యయనం. ఆయన 210 మందికి అడ్రినలిన్ ఇచ్చి ఏమనిపిస్తోందో చెప్పమన్నాడు. ఎక్కువమంది గుండె దడ, వణుకు వంటి శారీరక లక్షణాలే చెప్పారు. మూడో వంతు కంటే తక్కువ మంది ఉద్వేగాన్ని ప్రస్తావించారు. వీరిలోనూ చాలామంది తాము భయపడుతున్నామని చెప్పలేదు. భయం వేసినట్టుగా ఉందని మాత్రమే అన్నారు. చనిపోయిన తల్లిదండ్రుల వంటి బాధాకరమైన విషయం గురించి వారితో మాట్లాడినప్పుడు మాత్రం కొందరిలో నిజమైన ఉద్వేగం కనిపించింది.

ఉత్తేజం ఒక్కటే చాలదనీ, దానికి తగిన ఆలోచన తోడైతే ఉద్వేగం వస్తుందనీ ఈ పరిశీలన సూచించింది. షాక్టర్ తన సిద్ధాంతాన్ని దీని మీదే నిర్మించాడు.

సామాజిక మనోవిజ్ఞాన నేపథ్యం

షాక్టర్ లియాన్ ఫెస్టింగర్ శిష్యుడు. తమ అభిప్రాయాలు, సామర్థ్యాలు సరైనవో కావో తెలియనప్పుడు మనుషులు ఇతరులతో పోల్చుకుంటారని ఫెస్టింగర్ 1954లో సామాజిక పోలిక సిద్ధాంతంలో చెప్పాడు. షాక్టర్ 1959లో ప్రచురించిన ప్రయోగాల్లో, విద్యుత్ షాక్ ఇస్తారన్న భయంతో ఉన్నవారు ఒంటరిగా ఉండకుండా తమలాగే ఎదురుచూస్తున్న వారితో కలిసి ఉండడానికి ఇష్టపడ్డారు. తమకు కలుగుతున్న అనుభూతి ఏమిటో తేల్చుకోవడానికి కూడా మనుషులు ఎదుటివారిని చూస్తారన్న ఆలోచనకు ఇది దారి తీసింది.

ప్రధాన ప్రతిపాదనలు

షాక్టర్, సింగర్ మూడు ప్రతిపాదనలు చేశారు.

1. మనిషికి శారీరక ఉత్తేజం కలిగి, దానికి వెంటనే తోచే కారణం లేకపోతే, అప్పుడు అందుబాటులో ఉన్న ఆలోచనలను బట్టి దానికి పేరు పెట్టుకుంటాడు. అదే ఉత్తేజం ఒక సందర్భంలో కోపంగా, మరో సందర్భంలో సంతోషంగా అనుభవంలోకి రావచ్చు.

2. ఉత్తేజానికి పూర్తిగా సరిపోయే కారణం ముందే తెలిసి ఉంటే, మరో వివరణ వెతుక్కోవలసిన అవసరం రాదు. అప్పుడు పరిసరాల ప్రభావం ఉద్వేగంపై ఉండదు.

3. పరిస్థితి ఉద్వేగానికి అనుకూలంగా ఉన్నా, శారీరక ఉత్తేజం ఉన్నంతవరకే మనిషి ఉద్వేగంతో స్పందిస్తాడు.

ఈ ప్రతిపాదనల్లో ఉత్తేజం ఉద్వేగ తీవ్రతను నిర్ణయిస్తుంది, సంజ్ఞానం ఉద్వేగ రకాన్ని నిర్ణయిస్తుంది. ఉత్తేజం అన్ని ఉద్వేగాల్లోనూ దాదాపు ఒకే తీరుగా ఉంటుందన్నది దీనికి పునాది. జేమ్స్ నుంచి శరీరం అవసరమన్న వాదాన్నీ, కానన్ నుంచి శారీరక మార్పులు ఉద్వేగాలను వేరు చేయలేవన్న వాదాన్నీ ఈ సిద్ధాంతం కలుపుకొంది.

రెండు మార్గాలు

సాధారణ మార్గం: నిత్యజీవితంలో ఉత్తేజాన్ని కలిగించే సంఘటనే దాని అర్థాన్ని కూడా ఇస్తుంది. మీదికి దూసుకొస్తున్న లారీని చూసిన వ్యక్తికి గుండె ఎందుకు కొట్టుకుంటోందో వెతుక్కోవలసిన పని ఉండదు. ఇక్కడ రెండు కారకాలూ ఒకే మూలం నుంచి, దాదాపు ఒకేసారి వస్తాయి.

అసాధారణ మార్గం: ఉత్తేజం ముందు కలిగి, కారణం తెలియకపోవచ్చు. మందు ప్రభావం, వ్యాయామం, అనారోగ్యం, గుర్తించని ఒత్తిడి ఇందుకు మూలాలు. అప్పుడు మనిషి వివరణ కోసం చుట్టూ చూస్తాడు. రెండు కారకాలను విడదీసి పరీక్షించే అవకాశం ఈ మార్గంలోనే ఉంది కాబట్టి ప్రయోగాలన్నీ ప్రధానంగా దీనిపైనే జరిగాయి.

శరీరధర్మం

ప్రమాదం లేదా సవాలు ఎదురైనప్పుడు హైపోథలామస్ సహానుభూత నాడీవ్యవస్థను చురుకు చేస్తుంది. మూత్రపిండాల పైనుండే అధివృక్క గ్రంథుల మధ్యభాగం నుంచి అడ్రినలిన్ రక్తంలోకి విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు విప్పారుతాయి. కాలేయం నుంచి గ్లూకోజ్ రక్తంలోకి చేరుతుంది. జీర్ణక్రియ మందగిస్తుంది. కంటిపాపలు పెద్దవవుతాయి. పోరాటానికి గానీ పరుగుకు గానీ శరీరాన్ని సిద్ధం చేసే ఈ ప్రతిస్పందనను కానన్ 1915 నాటి తన గ్రంథంలో వివరించాడు.

రక్తంలోని అడ్రినలిన్ మెదడులోకి నేరుగా చేరేది చాలా తక్కువ. గుండె, రక్తనాళాలు, కండరాలలో అది కలిగించిన మార్పుల సమాచారం వేగస్ నాడి, వెన్నుపాము ద్వారా మెదడుకు తిరిగి చేరుతుంది. శరీరం లోపలి స్థితిని ఇలా గ్రహించడాన్ని అంతరగ్రహణం అంటారు. ఈ సమాచారం చేరే ముఖ్య ప్రాంతాల్లో మస్తిష్క వల్కలంలోని ఇన్సులా ఒకటి.

1962 ప్రయోగం

నిర్మాణం

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన తరగతుల విద్యార్థులు 184 మంది, అందరూ పురుషులు, ఇందులో పాల్గొన్నారు. ‘సుప్రాక్సిన్’ అనే విటమిన్ మందు చూపుపై ఎలా పనిచేస్తుందో పరీక్షిస్తున్నామని వారికి చెప్పారు. నిజానికి అలాంటి విటమిన్ లేదు. కొందరికి ఇచ్చింది అడ్రినలిన్, మిగిలినవారికి ఉప్పునీటి ద్రావణం. మొత్తం నాలుగు వర్గాలు చేశారు.

తెలిసినవారు: అడ్రినలిన్ ఇచ్చి, చేతులు వణుకుతాయనీ, గుండె దడ వస్తుందనీ, ముఖం వేడెక్కుతుందనీ ముందే చెప్పారు.

తెలియనివారు: అడ్రినలిన్ ఇచ్చి, మందుకు ఏ దుష్ప్రభావమూ ఉండదని చెప్పారు.

తప్పుగా తెలిసినవారు: అడ్రినలిన్ ఇచ్చి, కాళ్లు తిమ్మిరెక్కుతాయనీ, దురద పుడుతుందనీ, కాస్త తలనొప్పి వస్తుందనీ చెప్పారు.

ప్లాసిబో వర్గం: ఉప్పునీటి ద్రావణం ఇచ్చి, ఏ దుష్ప్రభావమూ ఉండదని చెప్పారు.

ఇంజక్షన్ తర్వాత ఒక్కొక్కరినీ మరో యువకుడితో కలిపి గదిలో కూర్చోబెట్టారు. అతడు కూడా పరీక్షకు వచ్చిన విద్యార్థిలాగే కనిపించినా, అతడు పరిశోధకులు ముందే సిద్ధం చేసి పంపిన వ్యక్తి. సంతోష పరిస్థితిలో అతడు కాగితాలు ఉండలు చుట్టి చెత్తబుట్టలోకి బంతుల్లా విసిరాడు, కాగితపు విమానాలు ఎగరేశాడు, నడుము చుట్టూ రింగు తిప్పాడు. కోపపు పరిస్థితిలో ఇద్దరికీ ఒక ప్రశ్నావళి ఇచ్చారు. అందులో ప్రశ్నలు పోను పోను వ్యక్తిగతంగా, అవమానకరంగా మారాయి. తల్లి శీలాన్ని ప్రశ్నించేదాకా వెళ్లాయి. ఆ యువకుడు క్రమంగా కోపం పెంచుకుంటూ చివరికి కాగితాలు చించి బయటికి వెళ్లిపోయాడు. తప్పుగా తెలిసిన వర్గాన్ని సంతోష పరిస్థితిలో మాత్రమే పరీక్షించారు. ఒకవైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం వెనుక నుంచి ప్రవర్తనను నమోదు చేశారు. తర్వాత ఎంత సంతోషంగా, ఎంత చిరాకుగా ఉందో విద్యార్థులు స్వయంగా కొలమానంపై గుర్తించారు.

ఫలితాలు

సంతోషపు మార్కుల్లోంచి చిరాకు మార్కులు తీసివేసి సగటు లెక్కించారు. సంతోష పరిస్థితిలో తెలిసినవారి సగటు 0.98, తెలియనివారిది 1.78, తప్పుగా తెలిసినవారిది 1.90, ప్లాసిబో వర్గానిది 1.61. తమ ఉత్తేజానికి సరైన కారణం తెలిసినవారు పక్కవాడి ఉత్సాహానికి తక్కువగా లోనయ్యారు. ఇది రెండో ప్రతిపాదనకు అనుకూలం. ప్లాసిబో వర్గానికీ తెలియనివారికీ మధ్య తేడా మాత్రం గణాంకపరంగా నిలవలేదు. ఇది మూడో ప్రతిపాదనకు ఇబ్బంది.

కోపపు పరిస్థితిలో ప్రవర్తన నమోదులను బట్టి తెలియనివారు తెలిసినవారి కంటే ఎక్కువ కోపం చూపారు. స్వయంగా ఇచ్చిన మార్కుల్లో తెలిసినవారి సగటు 1.91, తెలియనివారిది 1.39, ప్లాసిబో వర్గానిది 1.63. అంటే ఏ వర్గమూ సగటున కోపంగా ఉన్నామని రాయలేదు. ఈ పరీక్షలో పాల్గొన్నందుకు కోర్సులో అదనపు మార్కులు రావలసి ఉన్నందున విద్యార్థులు తమ చిరాకును బయటపెట్టలేదని పరిశోధకులు వివరణ ఇచ్చారు.

తెలియనివారి వర్గంలో కొందరు తమ లక్షణాలకు ఇంజక్షనే కారణమని తమంతట తాము ఊహించారు. వీరిని తప్పించి లెక్కిస్తే ఫలితాలు సిద్ధాంతానికి మరింత అనుకూలంగా వచ్చాయి. ప్రయోగం ముగిశాక చేసిన ఈ సవరణ తరువాతి విమర్శలకు ఒక కారణమైంది.

తదుపరి పరిశోధనలు

ఉత్తేజాన్ని పెంచడం, తగ్గించడం

షాక్టర్, లాడ్ వీలర్ 1962లోనే మరో ప్రయోగం చేశారు. ఒక వర్గానికి అడ్రినలిన్, ఒక వర్గానికి ప్లాసిబో, మరో వర్గానికి సహానుభూత చర్యను తగ్గించే క్లోర్‌ప్రొమాజిన్ ఇచ్చి హాస్య చిత్రం చూపించారు. అడ్రినలిన్ తీసుకున్నవారు అందరికంటే ఎక్కువగా, క్లోర్‌ప్రొమాజిన్ తీసుకున్నవారు అందరికంటే తక్కువగా నవ్వారు.

అబద్ధపు గుండె చప్పుడు

స్టూవర్ట్ వాలిన్స్ 1966లో ఉత్తేజం నిజంగా ఉండాలా, ఉందని నమ్మితే చాలునా అన్న ప్రశ్న వేశాడు. యువకులకు స్త్రీల చిత్రాలు చూపిస్తూ, వారి గుండె చప్పుడేనని నమ్మించి ముందే రికార్డు చేసిన శబ్దం వినిపించాడు. కొన్ని చిత్రాల దగ్గర ఆ చప్పుడు వేగం మారేలా ఏర్పాటు చేశాడు. ఆ చిత్రాలే వారికి ఎక్కువ ఆకర్షణీయంగా తోచాయి.

కపిలానో వంతెన అధ్యయనం

డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ 1974లో కెనడాలోని ఉత్తర వాంకూవర్‌లో చేసిన అధ్యయనం ఈ పరంపరలో అందరికీ తెలిసినది. కపిలానో నదిపై సుమారు 70 మీటర్ల ఎత్తున ఊగే వేలాడే వంతెన ఒకటి, తక్కువ ఎత్తున కదలని దృఢమైన వంతెన మరొకటి ఎంచుకున్నారు. వంతెన దాటుతున్న యువకులను ఒక యువతి పలకరించి, ఒక చిత్రాన్ని చూసి కథ రాయమని, ఫలితాలు తెలుసుకోవాలంటే ఫోన్ చేయమని నంబర్ ఇచ్చింది. ఊగే వంతెన మీద నంబర్ తీసుకున్న 18 మందిలో 9 మంది, దృఢమైన వంతెన మీద తీసుకున్న 16 మందిలో ఇద్దరు ఫోన్ చేశారు. ఊగే వంతెన మీద రాసిన కథల్లో శృంగార సూచనలు కూడా ఎక్కువ. పలకరించింది పురుషుడైనప్పుడు ఇలాంటి తేడా రాలేదు. ఎత్తు వల్ల కలిగిన ఉత్తేజంలో కొంత ఆకర్షణగా అర్థమైందని పరిశోధకులు వ్యాఖ్యానించారు.

ఈ ఫలితాన్ని డగ్లస్ కెన్రిక్, రాబర్ట్ చాల్దీని 1977లో మరోలా వివరించారు. భయంలో ఉన్నప్పుడు పక్కన మనిషి ఉండడం ఊరటనిస్తుందనీ, ఆ ఊరటే ఇష్టానికి దారితీస్తుందనీ, తప్పు కారణారోపణ అవసరం లేదనీ వారు వాదించారు. గ్రెగరీ వైట్ బృందం 1981లో పరుగు తీయించి ఉత్తేజం కలిగించిన యువకులకు ఒక యువతి వీడియో చూపించింది. ఆమె ఆకర్షణీయంగా కనిపించిన వీడియో చూసినవారికి ఇష్టం పెరిగింది. అదే యువతి అందవికారంగా కనిపించిన వీడియో చూసినవారికి అయిష్టం పెరిగింది. ఊరట వాదం ఈ రెండో ఫలితాన్ని సులువుగా వివరించలేదు. 1998లో క్రెయిగ్ ఫాస్టర్ బృందం 33 ప్రయోగాలను కలిపి విశ్లేషించి, ఉత్తేజం ఆకర్షణను ప్రభావితం చేస్తుందనీ, ఉత్తేజానికి అసలు మూలం స్పష్టంగా తెలిసినా ఆ ప్రభావం పూర్తిగా పోదనీ తేల్చింది. మొదటి సగం సిద్ధాంతానికి అనుకూలం. రెండో సగం దానిని సవరించమంటుంది.

ఉత్తేజ బదలాయింపు

డాల్ఫ్ జిల్‌మన్ 1971 నుంచి ఈ ఆలోచనను కాలక్రమం కోణంలో అభివృద్ధి చేశాడు. ఉత్తేజం కారణం తొలగిన వెంటనే పోదు, నిమిషాల పాటు నిలుస్తుంది. అయితే ఉత్తేజంగా ఉన్నామన్న స్పృహ మాత్రం త్వరగా తగ్గిపోతుంది. ఈ రెంటి మధ్య ఎడంలో మరో సంఘటన జరిగితే, మిగిలి ఉన్న పాత ఉత్తేజం కొత్త ఉద్వేగానికి చేరి దాన్ని తీవ్రం చేస్తుంది. వ్యాయామం చేసిన వెంటనే ప్రభావం కనిపించదనీ, కాసేపటి తర్వాత కనిపిస్తుందనీ, ఉత్తేజం పూర్తిగా తగ్గాక మళ్లీ కనిపించదనీ జోవాన్ క్యాంటర్, జిల్‌మన్, జెన్నింగ్స్ బ్రయంట్ 1975లో చూపారు.

వైఖరులు, ప్రవర్తన

మార్క్ జాన్నా, జోయెల్ కూపర్ 1974లో ఈ పద్ధతిని సంజ్ఞానాత్మక వైరుధ్యానికి వర్తింపజేశారు. తమ నమ్మకానికి విరుద్ధంగా వ్యాసం రాసినవారు మామూలుగా తమ నమ్మకాన్ని ఆ వ్యాసం వైపు మార్చుకుంటారు. తాము వేసుకున్న మాత్ర వల్లే అలజడిగా ఉందని నమ్మినవారు మాత్రం నమ్మకాన్ని మార్చుకోలేదు. నిజానికి ఆ మాత్రలో ఏ మందూ లేదు.

విమర్శలు

ప్రయోగాన్ని తిరిగి చేయడంలో ఇబ్బందులు: గ్యారీ మార్షల్, ఫిలిప్ జింబార్డో 1979లో అడ్రినలిన్‌తో సంతోష పరిస్థితిని తిరిగి పరీక్షించి అసలు ఫలితాన్ని రాబట్టలేకపోయారు. క్రిస్టినా మాస్లాక్ అదే ఏడాది హిప్నాసిస్ ద్వారా కారణం తెలియని ఉత్తేజం కలిగించింది. రెండు అధ్యయనాల్లోనూ కారణం తెలియని ఉత్తేజం తటస్థంగా లేదు. కలతగా, అసౌకర్యంగా అనిపించే వైపు మొగ్గింది. పద్ధతుల్లో తేడాలున్నాయని షాక్టర్, సింగర్ సమాధానమిచ్చారు.

ఉత్తేజం తప్పనిసరా అన్న ప్రశ్న: జార్జ్ హోమన్ 1966లో వెన్నుపాము దెబ్బతిన్న 25 మందిని ప్రశ్నించి, గాయం మెడకు దగ్గరగా ఉన్నకొద్దీ కోపం, భయం మందగించినట్టు తెలిపాడు. ఇది సిద్ధాంతానికి బలమైన ఆధారంగా నిలిచింది. కాని క్యాథలీన్ ష్వాలిష్, ఎడ్ డీనర్, డెనిస్ గాలగర్ 1988లో ఇలాంటి గాయాలున్నవారికి కూడా తీవ్రమైన ఉద్వేగాలు కలుగుతున్నాయని చూపారు.

ఉత్తేజం ఒకే తీరుగా ఉంటుందన్న ఊహ: పాల్ ఎక్‌మన్, రాబర్ట్ లెవెన్సన్, వాలెస్ ఫ్రీసన్ 1983లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ఫలితాల ప్రకారం కోపం, భయం, విచారంలో గుండె వేగం పెరిగింది, వేళ్ల ఉష్ణోగ్రత మాత్రం భయంలో కంటే కోపంలో ఎక్కువగా ఉంది. ఉద్వేగాలకు కొంతైనా శారీరక ప్రత్యేకత ఉందని దీని సారాంశం. అయితే తరువాతి సమష్టి విశ్లేషణల్లో ఒక్కో ఉద్వేగానికి స్థిరమైన, ప్రత్యేకమైన శారీరక ముద్ర ఉందన్న విషయం రుజువు కాలేదు. ఈ అంశం ఇప్పటికీ వివాదంలోనే ఉంది.

ఆలోచనకు ముందే ఉద్వేగం: రాబర్ట్ జాయన్స్ 1980లో ఇష్టాయిష్టాలు ఆలోచనతో పని లేకుండానే కలగవచ్చని వాదించాడు. ఏ ఉద్వేగానికైనా కనీస స్థాయి మూల్యాంకనం ఉండి తీరుతుందని రిచర్డ్ లాజరస్ బదులిచ్చాడు. భయాన్ని కలిగించే సమాచారం మస్తిష్క వల్కలాన్ని చేరకముందే నేరుగా మెదడులోని అమిగ్డలాకు వెళ్లే మార్గం ఉందని జోసెఫ్ లెడూ జంతువులపై చేసిన పరిశోధనల్లో చూపాడు.

నైతికత: విద్యార్థులకు అసలు విషయం చెప్పకుండా అడ్రినలిన్ ఇవ్వడం నేటి పరిశోధన నియమాల ప్రకారం అనుమతి దొరకడం కష్టమైన పని. పాల్గొన్నవారంతా ఒకే వయసు పురుష విద్యార్థులు కావడం మరో పరిమితి.

రైనర్ రైసెన్‌జైన్ 1983లో ఇరవై ఏళ్ల పరిశోధనను సమీక్షించాడు. మరో మూలం నుంచి వచ్చిన ఉత్తేజాన్ని తప్పు కారణానికి అంటగడితే ఉద్వేగం తీవ్రమవుతుందన్న అంశానికి తగిన ఆధారాలున్నాయని అతడు తేల్చాడు. ఉత్తేజం లేనిదే ఉద్వేగం లేదన్న వాదానికీ, కారణం తెలియని ఉత్తేజానికి పేరు పెట్టడం వల్లే ఉద్వేగం పుడుతుందన్న వాదానికీ నమ్మదగిన ఆధారం లేదని కూడా అతడు తేల్చాడు.

ఇతర సిద్ధాంతాలతో పోలిక

చీకట్లో కాలిబాట మీద పాము కనిపించిన సందర్భాన్ని తీసుకుంటే, ముఖ్య సిద్ధాంతాల వివరణలు ఇలా ఉంటాయి.

జేమ్స్–లాంగే: పామును చూడడంతో గుండె దడ, వెనక్కి దూకడం జరుగుతాయి. వాటిని గ్రహించడమే భయం.

కానన్–బార్డ్: గుండె దడా భయమూ ఒకేసారి, దేని దారిన అది కలుగుతాయి.

షాక్టర్–సింగర్: గుండె దడ కలుగుతుంది; దానికి పాము కారణమన్న ఎరుక తోడవుతుంది. ఈ రెండూ కలిసి భయమవుతాయి.

లాజరస్ మూల్యాంకన సిద్ధాంతం: తనకు ప్రమాదమా, ఎదుర్కోగలనా అన్న అంచనా ముందు. శారీరక మార్పూ భయమూ ఆ అంచనాను అనుసరిస్తాయి.

షాక్టర్, లాజరస్ ఇద్దరూ ఆలోచనకు ప్రాధాన్యమిచ్చినా, ఆలోచన ఏ దశలో వస్తుందన్న విషయంలో తేడా ఉంది. షాక్టర్ దృష్టిలో అది ఉత్తేజానికి వివరణ. లాజరస్ దృష్టిలో అది ఉత్తేజానికి కారణం.

రససిద్ధాంతంతో సామ్యం

భరతుని నాట్యశాస్త్రం స్థాయిభావాలు ఎనిమిది, వ్యభిచారిభావాలు ముప్పైమూడు, సాత్త్వికభావాలు ఎనిమిది చెప్పింది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రలయం అనే సాత్త్వికభావాలు శరీరంలో కనిపించే మార్పులే. ఒకే శారీరక చిహ్నం వేర్వేరు కారణాల వల్ల కలగవచ్చని కూడా ఆ గ్రంథం గుర్తించింది. కన్నీరు ఆనందం వల్లా, అమర్షం వల్లా, శోకం వల్లా, పొగ వల్లా రావచ్చని చెప్పింది. ఆ చిహ్నం ఏ భావానికి చెందినదో విభావాన్ని, అంటే సందర్భాన్ని, బట్టి తెలుస్తుంది.

ఈ సామ్యానికి పరిమితి ఉంది. నాట్యశాస్త్రం ప్రధానంగా భావాన్ని రంగస్థలంపై ప్రదర్శించడాన్నీ ప్రేక్షకుడు దాన్ని ఆస్వాదించడాన్నీ వివరిస్తుంది. ద్వికారక సిద్ధాంతం మనిషి తన ఉద్వేగాన్ని తానే ఎలా గుర్తిస్తాడన్న ప్రశ్నకు ప్రయోగాలతో సమాధానం వెతికింది. (చూడండి: రసం; సాత్త్వికభావాలు)

అనువర్తనాలు

పానిక్ రుగ్మత: డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, మామూలు గుండె దడను లేదా తల తిరగడాన్ని గుండెపోటుగా, ప్రాణాపాయంగా అర్థం చేసుకోవడం వల్ల భయం పెరుగుతుంది, భయం వల్ల దడ ఇంకా పెరుగుతుంది. సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్సలో ఈ అర్థాన్ని మార్చడం ఒక ముఖ్య భాగం.

వేదిక భయం, పరీక్ష భయం: అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాట పాడే ముందూ ప్రసంగించే ముందూ తమ ఉత్తేజాన్ని ఉత్సాహంగా చెప్పుకొన్నవారు, శాంతించాలని ప్రయత్నించినవారి కంటే మెరుగ్గా రాణించారు. ఉత్తేజాన్ని తగ్గించకుండా దాని అర్థాన్ని మాత్రమే మార్చడం ఈ పద్ధతి లక్షణం.

నిద్రలేమి: మైకేల్ స్టార్మ్స్, రిచర్డ్ నిస్బెట్ 1970లో, మాత్ర వల్ల అలజడి కలుగుతుందని నమ్మించిన నిద్రలేమి బాధితులు త్వరగా నిద్రపోయారని తెలిపారు. తరువాతి ప్రయోగాల్లో ఈ ఫలితం నిలకడగా రాలేదు; చికిత్సగా స్థిరపడలేదు.

దూకుడు ప్రవర్తన: మరో కారణంతో ఉత్తేజంగా ఉన్న మనిషిని రెచ్చగొడితే కోపం మామూలు కంటే తీవ్రంగా ఉండడాన్ని ఉత్తేజ బదలాయింపు వివరిస్తుంది. మాధ్యమాల ప్రభావంపై పరిశోధనల్లో దీన్ని విస్తృతంగా వాడారు.

ఆధునిక పరిణామాలు

జేమ్స్ రసెల్ ఉద్వేగానుభవాన్ని ఆహ్లాదం–అనాహ్లాదం, ఉత్తేజం–నిస్తేజం అనే రెండు అక్షాలపై అమర్చే నమూనాను 1980లో ఇచ్చాడు. ఉత్తేజంతో పాటు ఆహ్లాద స్థాయి కూడా మొదటినుంచే ఉంటుందని ఇది గుర్తిస్తుంది. కారణం తెలియని ఉత్తేజం తటస్థం కాదన్న విమర్శను ఇలా కలుపుకొంది.

లీసా ఫెల్డ్‌మన్ బారెట్ ప్రతిపాదించిన ఉద్వేగ నిర్మాణ సిద్ధాంతం ప్రకారం మెదడు గత అనుభవం, భాష, సంస్కృతి ఇచ్చిన భావనలతో శరీర స్థితిని నిరంతరం ముందుగానే అంచనా వేస్తుంది. ఆ అంచనా నుంచే ఉద్వేగం రూపొందుతుంది. ఉత్తేజం ముందు, పేరు తర్వాత అన్న షాక్టర్ క్రమాన్ని ఇది అంగీకరించదు. సందర్భం శరీర సంకేతాలకు అర్థమిస్తుందన్న మూల ఆలోచనను మాత్రం కొనసాగిస్తుంది.

నాడీశాస్త్రంలో ఆంటోనియో డమాసియో 1994లో శరీర సంకేతాలు నిర్ణయాలను మలుస్తాయని ప్రతిపాదించాడు. హ్యూగో క్రిచ్లీ బృందం 2004లో తమ గుండె చప్పుడును కచ్చితంగా గ్రహించగలిగిన వారిలో కుడి ఇన్సులా ముందుభాగం ఎక్కువ చురుగ్గా ఉన్నట్టు కనుగొంది. మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో, ముఖంలో కనిపించే ఉద్వేగానికి పేరు చెప్పినప్పుడు అమిగ్డలా స్పందన తగ్గిందని చూపింది.

ప్రాముఖ్యం, మూల్యాంకనం

ద్వికారక సిద్ధాంతానికి ముందు ఉద్వేగాల చర్చ ప్రధానంగా శరీరధర్మ శాస్త్రానికి చెందినది. ఈ సిద్ధాంతం దాన్ని సామాజిక మనోవిజ్ఞానంలోకి తెచ్చింది. మనిషి తన లోపలి స్థితిని కూడా బయటి ఆధారాలతో ఊహిస్తాడన్న ఆలోచన కారణారోపణ పరిశోధనలకు బలమిచ్చింది. షాక్టర్ ఇదే దారిలో ఆకలి, ఊబకాయం, పొగతాగే అలవాటు వంటి విషయాలను పరిశీలించాడు.

సిద్ధాంతంలోని భాగాలకు కాలక్రమంలో దక్కిన ఆదరణ సమానంగా లేదు. ఉత్తేజం అన్ని ఉద్వేగాల్లోనూ ఒకటేనన్న అంశం, ఉత్తేజం లేనిదే ఉద్వేగం లేదన్న అంశం బలహీనపడ్డాయి. ఒక మూలం నుంచి వచ్చిన ఉత్తేజం మరో ఉద్వేగాన్ని తీవ్రం చేయగలదన్న అంశం నిలిచింది. శరీర సంకేతాలను అర్థం చేసుకునే తీరును మారిస్తే ఉద్వేగం మారుతుందన్న అంశం చికిత్సలోనూ శిక్షణలోనూ వాడుకలోకి వచ్చింది. 1962 ప్రయోగంలో గణాంకాల బలహీనతలు బయటపడిన తర్వాత కూడా, శరీరాన్నీ ఆలోచననూ ఒకే ప్రయోగంలో విడదీసి పరీక్షించిన పద్ధతి వల్ల అది మనోవిజ్ఞాన పాఠ్యగ్రంథాల్లో స్థానాన్ని నిలుపుకొంది.